సన్న సూదులు

ఫెరారా,
2003 అక్టోబరు 12, ఆదివారం

అన్నయ్యా,

నీ ఉత్తరంలో పెట్టి పంపిన డాక్టర్ క్రీనా చీటీ చదివాను. చెనూషాకి కిడ్నీలు పాడయ్యాయన్నమాట. మన పిల్లి నీళ్ళు ఎక్కువ తాగుతోందని నువ్వు వేసవిలో రాసినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎండలకి తాగుతోందనుకున్నాను. చీటీ చదివాక స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చాను. నేను ఎదురుగా ఏడిస్తే మా దొరసాని ఓర్నెల్లాగారికి తనకేదో పెద్ద జబ్బు వచ్చిందని, నేను దాస్తున్నానని భయం పట్టుకుంటుంది. పరాయి దేశంలో తొంభై ఏళ్ళ మనిషికి చాకిరీ చేసేదానికి ఏడవడానికి కూడా చోటు చూసుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. ఫోనులో చెబితే నీకు వినపడదు. పక్కింటి వేటా పిన్నితో చెప్పిస్తే ఆవిడ సగం నా మాట, సగం తన సొంత వైద్యం కలిపి చెబుతుంది. అందుకే రాస్తున్నాను.

వారం వారం ఇక్కడికీ మన ఊరికీ ఉత్తరాలు, మూటలు మోసే లికా వ్యానులో మూట పంపుతున్నాను. అందులో సెలైన్ సంచులు, గొట్టాలు, ఒక పొట్లం నిండా సూదులు ఉన్నాయి. దొరసాని పిల్లికీ ఇదే జబ్బు. దాని పేరు కొంతెస్సా, అంటే జమీందారిణి అన్నమాట, ఆ పేరుకి తగ్గ పొగరూ ఉంది. దానికి రోజు విడిచి రోజు వంటింటి బల్ల మీద సెలైన్ ఎక్కించేది నేనే. ఇక్కడి డాక్టరు నేర్పాడు. నరానికి కాదు, చర్మం కింద ఎక్కించాలి. కాబట్టి నీలాంటివాడు కూడా చేయవచ్చు.

సంచిని గోరువెచ్చని నీళ్ళ బేసినులో పెట్టు. చేతి మణికట్టు మీద చుక్క వేసుకుని చూడు, వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. సంచిని నీ తలకంటే ఎత్తుగా వేలాడదీయి. రెండు భుజాల మధ్య చర్మం పట్టుకుని గుడారంలా పైకి లేపు. సూదిని ఆ గుడారంలోకి పోనిచ్చి, గొట్టం మీది చిన్న చక్రం తిప్పు. సంచి మీద గీతలున్నాయి, ఒక గీత దిగాక ఆపు. చర్మం కింద నీళ్ళ మూట కడుతుంది. కంగారుపడకు, సాయంత్రానికి ఒంట్లోకి ఇంకిపోతుంది. చేస్తున్నంతసేపూ దానితో మాట్లాడు.

ఈ సన్న సూదులు మన కొరాబియాలో దొరకవు. అక్కడ దొరికేవి ఆవులకు పొడిచేవి. అవి వాడొద్దు. రెండు వారాలకోసారి నేనే పంపుతాను.

నువ్వు చేస్తావని నాకు నమ్మకం ఉంది. మిల్లు కుక్క చచ్చిపోతే షిఫ్టు మొత్తానికి వైను పోసి, గోధుమల కొలీవా వండి గిన్నెల్లో పంచి, మనిషి పోతే ఆత్మశాంతికి పెట్టినట్టు పొమానా విందు పెట్టిన మనిషివి. ఆ దెబ్బకి ఫాదర్ ఎన్నాళ్ళో మన వీధిలోకి రావడం మానేశాడు. ఊరంతా నవ్వినా నువ్వు లెక్కచేయలేదు. నాకు అది గుర్తుంది.

దాన్ని కాపాడు.

సబీనా

కొరాబియా,
అక్టోబరు 23, గురువారం

చెల్లీ,

మూట అందింది. నీ ఉత్తరాన్ని అల్మరా తలుపుకి అంటించుకుని, మిల్లులో బాయిలరు నిబంధనలు చదివినట్టు చదివి పని మొదలుపెట్టాను.

ముందు సంచి ఎక్కడ వేలాడదీయాలన్నది పెద్ద సమస్య అయింది. మీ దొరసాని వంటింట్లో దీపాల గుత్తి ఉంటుందేమో. మనకున్నది బల్బు వైరు, దాన్ని నమ్మితే పైకప్పుతో సహా కిందికొస్తుంది. చివరికి తూర్పు గోడ మీద సెయింట్ నికొలాయ్ పటం మేకు కనిపించింది. పటం దించి బల్ల మీద గోడకి చేరవేసి, మేకుకి సంచి తగిలించాను. సెయింటుగారు అంత దగ్గరగా ఏ వైద్యాన్నీ చూసి ఉండరు.

వేటా పిన్ని పిల్లిని పట్టుకుంది. నేను గుడారం లేపాను, సూది పోనిచ్చాను, చక్రం తిప్పాను. నీళ్ళు చక్కగా దిగుతున్నాయి. వేటా పిన్ని నోరు కదుపుతోంది కానీ నా చూపంతా సంచి మీదే ఉంది. ఆవిడ నా భుజం మీద ఒక్కటి వేసి చూపిస్తే అప్పుడు తెలిసింది, సూది గుడారంలో ఇటు దూరి అటు బయటికొచ్చింది. సెలైన్ అంతా నా పంట్లాము తాగింది. నా కిడ్నీలు మాత్రం ఇప్పుడు దివ్యంగా ఉన్నాయి.

రెండోసారి సరిగ్గా పడింది. నీళ్ళ మూట ముందు కాలి మీదికి జారింది, చెనూషా కాసేపు కుంటుతూ తిరిగింది. తర్వాత అల్మరా వెనక్కి పోయి కూర్చుంది. పిలిస్తే రాలేదు. సాయంత్రం మాత్రం పెరుగు నాకింది. పొద్దున్నుంచి వాంతి లేదు.

నేను చెవులు మిల్లుకి ఇచ్చేసి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంటికి చెవులు అదే అని నీకు తెలుసుగా. గేటు గంట మోగితే తల ఎత్తుతుంది, తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి నా మొహం చూస్తుంది. పాలు పొంగినా, కిటికీ కొట్టుకున్నా దానికే తెలుస్తుంది. కాబట్టి నువ్వు కాపాడమని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నా అవసరం కోసమైనా కాపాడుకుంటాను.

నువ్వు వేళకి తింటున్నావా? కాళ్ళ వాపు తగ్గిందా? క్రితం ఉత్తరంలోనూ అడిగాను.

ఇలారీ

ఫెరారా,
నవంబరు 2

అన్నయ్యా,

సెయింట్ నికొలాయ్‌ని దించేసి పిల్లి సెలైన్ తగిలించావా? ఇంట్లో ఇంకో మేకు లేదా? ఒక మేకు కొట్టడానికి నీకు బద్ధకమా? నవ్విస్తున్నాననుకుని రాశావు, నాకు నవ్వు రాలేదు. ఇక్కడ ఎవరి పటం ముందో నిలబడి మన ఇంటి పటాన్ని తలుచుకుని దండం పెట్టుకుంటాను నేను.

వేటా పిన్నిని దూరంగా ఉంచు. ఆవిడ చేతులకి ఎప్పుడూ ఉల్లిపాయ వాసన, పిల్లికి అది గిట్టదు. నువ్వే ఒళ్ళో పెట్టుకుని చెయ్యి. కొంతెస్సా అయితే సగంలోనే నిద్రపోతుంది. రేడియోలో పాట పెడతాను, చెవి వెనక గోకుతాను, పూర్తయ్యాక ట్యూనా చేప ముక్క పెడతాను. చేసేవాళ్ళ చేతిలో ప్రేమ ఉంటే జంతువుకి తెలుస్తుంది. భయంతో చేస్తే భయపడుతుంది, విసుగుతో చేస్తే పారిపోతుంది.

ఈస్టరుకి వస్తున్నాను. లికాతో సీటు మాట్లాడేశాను. అప్పటికి అది నన్ను గుర్తుపట్టి గేటు దగ్గరికి రావాలి. అంతే నేను కోరేది.

సబీనా

ఫెరారా,
నవంబరు 30

అన్నయ్యా,

లికా ఇవాళ వ్యాను ఆపే కార్ల స్థలంలో అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "సబీనక్కా, మీ ఇంటి గంట కొట్టి కొట్టి నా వేలు అరిగిపోయింది. తలుపు తీసినవాడు లేడు. మూట పక్కింట్లో ఇచ్చి వచ్చా." పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లికా వచ్చేది సోమవారమని నీకు తెలుసు. మూట కోసం కూడా ఇంట్లో ఉండలేవా? మితూ సారా కొట్టులో కూర్చుంటే సూదులు వాటంతటవే నడిచి వస్తాయా?

అందులో ఊలు మేజోళ్ళు కూడా ఉన్నాయి. నీకే.

సబీనా

కొరాబియా,
డిసెంబరు 11

చెల్లీ,

మేజోళ్ళు సరిపోయాయి. సారా కొట్టులో లేను. వంటింట్లో కూర్చుని బీన్సు గింజలు ఏరుతున్నాను. గంట మోగిందని నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

చెనూషా ఇప్పుడు చెప్పడం లేదు. నేనున్న గదిలో అది ఉండదు. నా అడుగులు నేల మీద ఎలా పడతాయో దానికి బాగా తెలుసు, నేను రెండు అడుగులు వేసేసరికి అల్మరా వెనకో, పొయ్యి కిందో దూరుతుంది. సెలైన్ రోజున తువ్వాలు పట్టుకుని దొంగని పట్టినట్టు పట్టాలి. పట్టుకున్నాక మాత్రం గింజుకోదు. బల్ల మీద ముడుచుకుని గోడ వైపు చూస్తుంది. గింజుకున్నా నాకు కొంచెం బాగుండేది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పాట పెట్టమన్నావని రేడియో పెట్టాను. అది గట్టిగా అరుస్తోందో మెల్లగా పాడుతోందో నాకు తెలియలేదు. వేటా పిన్ని గోడ అవతలి నుంచి పరుగెత్తుకొచ్చి చెవులు మూసుకుని చూపించింది. ట్యూనా పెట్టాను. నేను గదిలోంచి వెళ్ళాక తింటుంది. చెవి వెనక గోకబోతే తల దించేస్తుంది. ఇంకో మేకు కూడా కొట్టాను. సెయింటుగారు తన చోటికి వెళ్ళిపోయారు.

వైద్యం పనిచేస్తోంది, అది అబద్ధం చెప్పను. బరువు పెరిగింది, బొచ్చు మెరుస్తోంది. డాక్టర్ క్రీనా చూసి మెచ్చుకుంది. నేను ఆవిడ పెదాల వంక చూస్తూ అడిగాను, ఇది ఎన్నాళ్ళని. "ఇది నయం చేసేది కాదు ఇలారీ, గడువు పెంచేది" అంది. ఒక రోజు బదులు రెండు రోజులు విడిచి చేస్తే ఏమవుతుందని కూడా అడిగాను. "చెయ్యొచ్చు, గడువు తగ్గుతుంది" అంది.

నీతో ఒక మాట చెప్పుకోవాలి. ఇదివరకు సాయంత్రం పూట అది నా ఛాతీ మీద పడుకునేది. దాని గురగుర నాకు వినపడదు కానీ ఎముకలకి తెలిసేది, మిల్లులో బాయిలరు మెల్లగా అందుకున్నట్టు. ఇప్పుడు అది లేదు. సూది పట్టుకున్న చెయ్యి తప్ప నాలో దానికి ఇంకేమీ కనిపించడం లేదు.

కాస్త తగ్గించి చేద్దామా? నువ్వేమంటావు?

నీ కాళ్ళ సంగతి ఈసారీ రాయలేదు.

ఇలారీ

ఫెరారా,
2004 జనవరి 18

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే రాస్తే ఏం రాస్తానోనని ఆగాను. ఆగినా అదే రాస్తున్నాను.

నీకు విసుగు పుట్టింది. దాన్ని అందంగా రాశావు, అంతే తేడా. పిల్లి నీ ఛాతీ మీద పడుకోవడం లేదని దాని ఆయుష్షు తగ్గిద్దామా? నేను ఇక్కడ దొరసానికి మూత్రం బట్టలు మారుస్తాను, ఆవిడ నన్ను గిల్లుతుంది, దొంగ అంటుంది, ఒకరోజు మొహాన సూపు పోసింది. నన్ను ప్రేమించడం లేదని మందులు తగ్గించానా? రేపు నేను మంచాన పడితే నీ దగ్గరికి రావాలా, నువ్వు ఇలా డాక్టరుని నా గడువు అడగడానికి?

ఇంకొకటి చెప్పనీ. నేను ఇల్లు వదిలి ఇన్నేళ్ళయింది. వచ్చిన ప్రతిసారీ గేటు తీయగానే రాళ్ళ బాట మీద పరుగెత్తుకుంటూ వచ్చేది అదొక్కటే. ఆ ఇంట్లో నా కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే అన్నయ్యా. అది పోయిన రోజు నేను కొరాబియా రావలసిన పనే ఉండదు.

కాబట్టి రోజు విడిచి రోజు ఎక్కించు. మూటలో సూదులు ఎక్కువే పెట్టాను.

సబీనా

కొరాబియా,
ఫిబ్రవరి 5

సబీనా,

నీ ఉత్తరం చదివాను. రోజు విడిచి రోజు ఎక్కిస్తున్నాను.

నేను ఎక్కువ వాదించను. ఒక్కటే చెబుతాను. దాని వెనకాల తువ్వాలు పట్టుకుని తిరిగేది నువ్వు కాదు. చాలనిపించిన రోజు ఆ మాట రాయడం నీకు కష్టమైతే రాయొద్దు. మూట పంపకు, నాకు అర్థమవుతుంది. ఎందుకని అడగను. పంపినన్నాళ్ళు మాత్రం ఎక్కిస్తూనే ఉంటాను.

పెద్ద ఎనామెల్ కుండ, అల్లిక తువ్వాళ్ళు ఎక్కడ పెట్టి వెళ్ళావు? వచ్చే వారం ఇంట్లో చిన్న పని ఉంది. జవాబు వచ్చేదాకా ఆగలేను, నేనే వెతుక్కుంటాను. పెట్టె తాళం పగలగొడితే కోప్పడకు.

ఇలారీ

ఫెరారా,
ఫిబ్రవరి 15

అన్నయ్యా,

మూట పంపుతున్నాను. ఇదే నా జవాబు.

సబీనా

కొరాబియా,
మార్చి 4

చెల్లీ,

సోమవారం పొద్దున్నుంచి గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, లికాని మళ్ళీ గంట దగ్గర నిలబెట్టకూడదని. వచ్చాడు. వేటా పిన్నికి కాఫీ పొడి ఇచ్చాడు, చివరింటివాళ్ళకి సైకిలు దించాడు. నా వైపు చూసి రెండు చేతులూ చాపి చూపించాడు, ఖాళీ. "పార్సెల్ లేదా?" అన్నాను. అడ్డంగా తల ఊపాడు. "ఉత్తరం?" అన్నాను. మళ్ళీ ఊపాడు. "మా చెల్లెలికి ఒంట్లో బాగుందా?" అన్నాను. బాగానే ఉందన్నట్టు తల ఊపి బండెక్కాడు.

కుర్చీ లోపలికి తెచ్చుకున్నాను. నాకు అర్థమైంది.

ఆ మాట రాయడానికి ఎంత కష్టపడి ఉంటావో కూడా అర్థమైంది. నేను నిన్ను తప్పుగా అనుకున్నాను. పిల్లి మీద ఉన్న జాలి మనిషి మీద లేదని కూడా అనుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి కోప్పడకు. ఎందుకని అడగనన్నాను, అడగను.

సంచిలో సగం మిగిలే ఉంది. రెండు సూదులు కూడా ఉన్నాయి. నిన్న ఎక్కించాల్సిన రోజు. సంచి మేకు మీంచి దించి, గొట్టం చుట్టి, అల్మరాలో పై అరలో పెట్టేశాను. చెనూషా పొయ్యి కింద నుంచి చూస్తూనే ఉంది. నమ్మలేదు. నమ్మడానికి కొన్నాళ్ళు పడుతుందిలే.

నీ మనసు పెద్దది సబీనా.

అన్నయ్య

కొరాబియా,
మార్చి 25

చెల్లీ,

చెనూషా మంగళవారం మధ్యాహ్నం పోయింది.

ఎలా పోయిందో చెబుతాను, నువ్వు లేవు కాబట్టి. సెలైన్ ఆపిన వారానికి అది పొయ్యి కింద నుంచి బయటికి వచ్చి గది మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. నేను చేతులు కనిపించేలా మోకాళ్ళ మీద పెట్టుకుని కదలకుండా కూర్చునేవాణ్ణి. తర్వాత ఒక పొద్దున నా చెప్పులు వాసన చూసింది. ఆ తర్వాత చేతులు వాసన చూసింది, చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం నా ఛాతీ మీదికెక్కింది. ఎంత తేలికైపోయిందో. గురగుర మాత్రం ముందున్నట్టే ఉంది. నేను అలాగే నిద్రపోయాను, మెడ పట్టేసింది, అయినా కదల్లేదు.

తిండి తగ్గింది. నీళ్ళు తాగేది. డాక్టర్ క్రీనా వచ్చి చూసి, బాధ ఎక్కువైతే కబురు చేయమంది, ఒక్క సూదితో పని అయిపోతుందంది. ఇంకో సూది నేను పడనివ్వలేదు. మంగళవారం పొద్దున నా ఒళ్ళో ఉండగా ఉన్నట్టుండి రెండు చెవులూ గేటు వైపు తిప్పింది. లేవలేదు, మెడ తిప్పి నా మొహం చూసింది అంతే. వెళ్ళి చూస్తే వేటా పిన్ని రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. అది నాకు చెప్పిన ఆఖరి కబురు అదే. అక్రోటు చెట్టు కింద పాతిపెట్టాను.

ఇప్పుడు కుండ సంగతి. నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫిబ్రవరిలో పెద్దల శనివారం నాడు నా పొమానా నేనే పెట్టేసుకున్నాను. బతికుండగానే పెట్టుకునే పొమానా. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పిల్లల్లేని ముసలివాళ్ళు పెట్టుకునేవాళ్ళు, నీకు గుర్తుండే ఉంటుంది. ఫాదర్ "ఎవరి పేరు మీద?" అన్నాడు. "ఇలారీ పేరు మీద" అన్నాను. కళ్ళజోడు తీసి నన్ను చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. బీన్సు, చేప, కొలీవా. బల్ల మొదట్లో నేనే కూర్చున్నాను. తిన్నవాళ్ళు లేచి, దేవుడు ఇది వీడి ఆత్మకి చేర్చాలి అని నా మొహం మీదే అన్నారు. పెదాలు చదివి తెలుసుకున్నాను. మితూ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. రానివాళ్ళకి వేటా పిన్ని గిన్నెలు పట్టుకెళ్ళి ఇచ్చింది.

నిన్ను దెప్పడానికి చెప్పడం లేదు. పిల్లి పోతే కొరాబియా రావలసిన పనే ఉండదని నువ్వు రాశావు. అలాంటప్పుడు నేను పోయాక గిన్నెలు ఎవరు పంచుతారు, వేటా పిన్ని నాకంటే పెద్దది. అందుకని ఆ పని నేనే చేసేసుకున్నాను. నువ్వు దిగులు పెట్టుకోవలసింది ఏమీ మిగల్లేదు.

ఒక గిన్నె నీ వాటా అని పక్కన పెట్టాను. చేప ముక్క చెనూషా తినేసింది. అప్పటికి దానికి ఆకలి బాగానే ఉండేది.

మూడుసార్లు లికా వచ్చాడు, నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. ఏడుస్తున్నావని తెలుసు. ఏడుపు తగ్గాక ఒక్క ముక్క రాయి. కాళ్ళ వాపు ఎలా ఉందో అది రాసినా చాలు.

అన్నయ్య

ఫెరారా,
ఏప్రిల్ 4, మట్టల ఆదివారం

అన్నయ్యా,

ఇవాళ చాలా రోజుల తర్వాత కార్ల స్థలానికి వెళ్ళాను. ఈస్టరు సీటు వద్దని చెప్పడానికి వెళ్ళాను. లికా నీ రెండు ఉత్తరాలూ తీసి ఇచ్చాడు. "ఎక్కడికి పోయావక్కా, ఇవి నా బండిలో ముసలివైపోతున్నాయి" అన్నాడు. అతని వ్యాను మెట్టు మీద కూర్చుని చదివాను. ఎవరో కాఫీ తెచ్చి చేతిలో పెట్టారు. ఎవరో చూడలేదు.

నేను ఏడుస్తున్నాననుకున్నావు. ఏడవడం లేదు అన్నయ్యా. కోపంతో ఉన్నాను. కారణం విను.

ఫిబ్రవరి మూడో వారంలో బేకరీ వీధి దొయినా ఇక్కడికి పనికి వచ్చింది. నన్ను చూసి పలకరించింది. "మీ ఇంటి కొలీవా తిన్నాను సబీనా, దేవుడు అది ఆత్మకి చేర్చాలి" అంది. "మా అన్నయ్యకి ఏమైంది?" అన్నాను. "ఏమీ కాలేదు, కుండ మోస్తూ కనిపించాడు, గట్టిగానే ఉన్నాడు" అంది. "మరి ఎవరి పేరు మీద?" అన్నాను. "గిన్నె చేతిలో పెట్టినప్పుడు ఎవరు అడుగుతారు? పుచ్చుకున్నాను, దండం పెట్టాను" అంది.

ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు కుండ మోస్తున్నారు. ఇంక మిగిలింది ఎవరు? మిల్లు కుక్కకి పొమానా పెట్టినవాడివి, పిల్లికి పెట్టకుండా ఉంటావా? పైగా నువ్వు ఫిబ్రవరి ఉత్తరంలో అది ఎలా ఉందో ఒక్క మాట రాయకుండా కుండ అడిగావు. చెనూషా పోయిందని, కాదు, నువ్వు సూది ఆపేసి పోనిచ్చావని, పైగా పోయాక నాకు రాయకుండా ఊరికి విందు పెట్టావని నమ్మాను. దొయినా ముందు నవ్వాను కూడా, "అవునవును, మా అన్నయ్యకి పిల్లి అంటే ప్రాణం" అని.

లేని పిల్లికి సూదులు ఎందుకని మూట కట్టలేదు. అంతే. మూట పంపకపోతే అర్థమవుతుందని నువ్వు రాసిన మాట ఆ క్షణంలో నా తలలోనే లేదు. నీ ఉత్తరాలు ముట్టుకోకూడదని ఆదివారాలు బయటికి రావడం మానేశాను. వేటా పిన్నికి ఒక్క ఫోను చేసి ఉండొచ్చు. "పిల్లి ఉందా?" అని రెండు మాటలు. అడిగితే ఆవిడ నవ్వుతుందని అడగలేదు. నా చెనూషా మన అల్మరా వెనక బతికే ఉండి నా సూది కోసం చూస్తుంటే, నేను ఇక్కడ దానికి కొవ్వొత్తి వెలిగించాను.

నా మనసు పెద్దదని రాశావు. ఆ వాక్యం మీద కాఫీ ఒలికిపోయింది, అయినా చదవగలుగుతున్నాను.

నిన్ను క్షమించలేదు. మిగిలిన సగం సంచి ఎక్కించి ఉండవలసింది. మూటా రాక, ఉత్తరమూ రాకపోతే నేను చచ్చానేమోనని కంగారుపడవలసింది, నా మనసు పెద్దదనుకోకుండా. నన్ను నేనూ క్షమించుకోలేదు. అది ఆఖర్న నీ ఛాతీ మీదికెక్కిందని చదివినప్పుడు సంతోషం కాదు నాకు కలిగింది, అసూయ. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరిలో కొని దాచిన సూదుల పొట్లం నా పెట్టెలో అలాగే ఉంది. సాయంత్రం వాటిలోంచి ఒకటి తీసి కొంతెస్సాకి ఎక్కించాను. సగంలోనే నిద్రపోయింది.

ఆ ఇంట్లో నా కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే అని రాశాను కదా. అది చదివి నువ్వు కుండ వెతుక్కున్నావు. తిరిగి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నా కాళ్ళ వాపు తగ్గలేదు. నాలుగుసార్లు అడిగావు, ఇప్పుడు చెబుతున్నాను.

సీటు రద్దు చేయలేదు. లికా పండగ ట్రిప్పులో గురువారం బయల్దేరుతాను, శుక్రవారం చీకటి పడేలోపు గేటు దగ్గర ఉంటాను. మొదటి రోజు నీతో మాట్లాడను. ఎటూ నీకు వినపడదు. రెండో రోజు ఆ అక్రోటు చెట్టు దగ్గరికి తీసుకెళ్ళు.

శుక్రవారం గేటు గడియ వేయకు. నేను గంట కొట్టినా నీకు చెప్పేవాళ్ళు లేరు.

సబీనా